ఇంట్లో ఉండటానికి ఊరు దాటినవాడు

ఎండాకాలంలో మొదటిసారి మూత్రంలో నెత్తురు కనబడినప్పుడు ఓరిన్ వావ్రా అది బీట్‌రూట్ చలవ అనుకున్నాడు. ముందురోజు బీట్‌రూట్ ఊరగాయ సీసా సగం ఖాళీ చేశాడట. బండి సైడింగులో, అంటే పక్క పట్టాల మీద, ఆగి ఉంది. ఇంజను ముక్కులో ఉండే ఇరుకు మరుగుదొడ్డిలో దీపం అంతంతమాత్రం. కాబట్టి ఆ అనుకోవడంలో తప్పేం లేదు. రెండోసారి అతను బీట్‌రూట్ తినలేదు. అప్పుడూ ఎవరికీ చెప్పలేదు. మూడోసారి నాకు చెప్పాడు. నేను వ్యాను నడుపుతున్నాను, అతను వెనక సీట్లో ఉన్నాడు, ఒకరి మొహం ఒకరం చూసుకునే పని లేదు. అందుకే చెప్పాడనుకుంటాను. నొప్పి లేదన్నాడు. నొప్పి లేనిదాన్ని జబ్బనడానికి అతనికి మనసొప్పలేదు.

నేను రైలు సిబ్బందిని మోసే వ్యాను డ్రైవర్ని. చట్టం ప్రకారం పని గంటలు అయిపోతే గూడ్సు బండి మొక్కజొన్న చేల మధ్య ఉన్నా సరే ఆగిపోతుంది. నేను వెళ్ళి అలిసిన ఇద్దర్ని దించి, తాజా ఇద్దర్ని ఎక్కించి వస్తాను. ఇటు నెబ్రాస్కాలో మా వెల్డన్, అటు వయోమింగ్ సరిహద్దు దాటాక శాండ్‌క్రీక్. ఇంతకు ముందు నార్వే చేపల పడవల మీద వంట చేశాను, రెండు దేశాల్లో పాత పుస్తకాల కొట్లలో దుమ్ము దులిపాను, ఎక్కడా నాలుగు చలికాలాలు నిలవలేదు. ఈ వ్యాను దగ్గర మాత్రం ఆగిపోయాను. మనుషులు వెనక కూర్చుని మాట్లాడతారు, నేను ముందు కూర్చుని వింటాను, బతుకు వెళ్ళిపోతోంది.

ఓరిన్ ఇంజను డ్రైవరు. అరవై దగ్గరపడుతున్నాడు. ఇంకో రెండేళ్ళు లాగితే పూర్తి పింఛను. తాత చెక్ దేశం నుంచి వచ్చి పట్టాలు వేశాడు, తండ్రి బండి నడిపాడు, ఇతనూ అంతే. వాళ్ళ బతుకంతా బోర్డు మీద ఉంటుంది. బోర్డంటే వరస. బండి దిగి ఇంటికొచ్చినవాడి పేరు అట్టడుగుకు పోతుంది. పైనున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళుతుంటే ఆ పేరు మెల్లగా పైకి పాకుతుంది. పైకొచ్చాక ఫోను మోగుతుంది. మోగాక స్నానం చేసి, డబ్బా సర్దుకుని యార్డుకు చేరేంత వ్యవధే ఇస్తారు. ఆ మోత రేపు పొద్దున్న రావచ్చు, ఇప్పుడే రావచ్చు. అందుకని ఓరిన్ సెలూనుకు వెళ్ళినా, తలకు సబ్బు రాసుకున్నా ఫోను చేతికందే దూరంలో ఉంటుంది.

ఒకప్పుడు ఊళ్ళోని చెక్ వాళ్ళ హాల్లో శనివారాలు అకార్డియన్ వాయించేవాడు. ఆ వాయిద్యం తెలియనివాళ్ళు మన హార్మోనియాన్ని ఛాతీకి కట్టుకున్నట్టు ఊహించుకోవచ్చు. రెండు శనివారాలు వస్తే మూడు శనివారాలు రాలేకపోయేవాడు. బ్యాండువాళ్ళు ఏమీ అనలేదు, మర్యాదస్థులు. బ్యాంకు గుమాస్తా ఒకడు నేర్చుకుంటే అతన్ని పెట్టుకున్నారు. బంతి దొర్లించి కర్రలు పడగొట్టే బౌలింగు జట్టు కూడా అలాగే పోయింది, చర్చి పాటల బృందమూ అలాగే. భార్య లోర్నా కూడా దాదాపు అలాగే వెళ్ళింది. గొడవ పడలేదు, గిన్నె విసరలేదు. మీకు ఆదివారం భోజనానికి వీలవుతుందా అని ఎవరైనా అడిగితే ‘చూద్దాం’ అనడం ఆమెకు విసుగొచ్చింది. కెర్నీలో ఇంకొకర్ని పెళ్ళి చేసుకుంది. ఓరిన్ ఆ పెళ్ళికి వెళ్ళేవాడే, పిలిచారు కూడా. ఆరోజు బొగ్గు బండికి పిలుపు వచ్చింది.

రోమన్ సైన్యం గురించి ఎక్కడో చదివాను. ఇంగ్లండులోని ఓ చలి కోటలో పల్చటి చెక్కముక్కల మీద వాళ్ళు రాసుకున్న హాజరు దొరికింది. అందులో జబ్బుపడ్డవాళ్ళు ఇందరు, గాయపడ్డవాళ్ళు ఇందరు, కళ్ళకలక వచ్చినవాళ్ళు ఇందరు అని విడివిడిగా ఉంది. సరిహద్దు కాపలా కాసే సైన్యం, అవతల శత్రువు, అయినా కళ్ళు ఎర్రబడినవాణ్ణి పక్కన పడుకోబెట్టింది. ఈ సంగతి వ్యానులో చెప్పినప్పుడు రెనాటా కింటేరో పకపకా నవ్వింది. రెనాటా ఓరిన్‌తో పాటు ఇంజనులో వెళ్ళే కండక్టరు. టిక్కెట్లు కొట్టే కండక్టరు కాదు, పెట్టెల లెక్క, బ్రేకుల సంగతి చూసే రెండో మనిషి. ముప్ఫయ్యేళ్ళది. ఇద్దరు పిల్లల తల్లి. ‘‘అయితే పెద్దాయనా, మన కంపెనీ కంటే ఆ రాజే నయం. నన్నక్కడ చేర్పించు,’’ అంది.

మా కంపెనీలో జబ్బుకు జీతంతో సెలవు లేదు. జబ్బని ఫోను చేసి తప్పుకోవచ్చు. అలా చేస్తే మనిషికిన్నని కంపెనీ ఇచ్చిన హాజరు పాయింట్లు పోతాయి. పాయింట్లన్నీ అయిపోతే విచారణ, ఆ తరవాత ఇంటికి. ఆ వసంతంలో ఓరిన్ తన అన్న చావుకు వెళ్ళాడు, ఫ్లూతో పడుకున్నాడు. దాంతో విచారణ గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

ఆ ఏడాదంతా దేశంలో ఇదే గొడవ. కంపెనీలు జీతాలు పెంచుతామన్నాయి, జీతం కాదు, జబ్బుకు సెలవియ్యండి, లేకపోతే సమ్మె అని మనుషులు అన్నారు. దీర్ఘకాలం పడుకుంటే బీమా డబ్బు వస్తుంది కదా, ఒకట్రెండు రోజులకి ఎప్పుడంటే అప్పుడు మనుషులు తప్పుకుంటే బండ్లెవరు తోలతారని కంపెనీలు అడిగాయి. అది పూర్తిగా అబద్ధం కాదు. బండికి ఇద్దర్నే లెక్కేసి మిగతావాళ్ళని ముందే పంపించేసిన చోట, ఒక్కడు దగ్గినా బండి ఆగుతుంది. ఆ పంపించేసిందెవరన్నది వేరే మాట.

ధాన్యం నిలవచేసే గ్రెయిన్ ఎలివేటరు పక్క హోటల్లో చిలీ అనే మాంసం కూర, దాల్చినచెక్క బన్ను తినడానికి రైతులు చేరతారు. సమ్మె జరిగితే ధాన్యం కదలదని వాళ్ళ బెంగ. పాడి పెట్టుకున్న హోబర్ట్ డీల్ ఓరిన్ ముందే అన్నాడు, ‘‘నాకెవడిచ్చాడయ్యా సిక్ లీవు? నాకు జ్వరమొచ్చినా పొద్దున్నే పాలు పితకాలి. ఆవు పాయింట్లు కొట్టదు, నేరుగా తన్నుద్ది.’’ అందరూ నవ్వారు. ఓరిన్ కూడా నవ్వాడు. బన్ను సగం వదిలేసి డబ్బులు పెట్టి వచ్చాడు. వ్యానులో నాతో, హోబర్ట్ మాట నిజమే కదా అన్నాడు. కాసేపాగి, వాడికి ముగ్గురు కొడుకులు, ఎవడో ఒకడు పితుకుతాడు అన్నాడు.

మా ఊరి ఆసుపత్రికి మూత్రకోశం డాక్టరు ఒమాహా నుంచి నెలకోసారి, మొదటి గురువారం వస్తాడు. అక్టోబరులో ఓరిన్ పేరు రాయించుకున్నాడు. ఆ పొద్దున ఫోను మోగింది, వెళ్ళిపోయాడు. నవంబరులోనూ అంతే. డిసెంబరుకు పథకం వేశాడు. ఇది రైలువాడికి తప్ప ఎవరికీ తట్టదు. ఆ వారం ఇంట్లోనే కూర్చుంటే, సరిగ్గా గురువారానికి పేరు పైకొస్తుంది. అందుకని సోమవారమే, తన ముందున్న కుర్రాణ్ణి బతిమాలి వాడి బండి మార్చుకున్నాడు. మంగళవారం శాండ్‌క్రీక్ లాడ్జిలో నిద్ర, బుధవారం తిరుగు బండి, గురువారం బోర్డులో అట్టడుగున నిశ్చింతగా ఇంట్లో. ఇంట్లో ఉండటానికి ఊరు దాటాడన్నమాట. యార్డులో దించుతుంటే ఈల వేస్తున్నాడు. అతను ఈల వేయగలడని అప్పటిదాకా నాకు తెలియదు.

బుధవారం వయోమింగ్ ఎగువన గాలీ మంచూ కలిసి కొట్టాయి. బొగ్గు బండ్లు కిందికి రాలేదు. అవి వస్తే తప్ప శాండ్‌క్రీక్‌లో ఉన్నవాళ్ళు కదలరు. గురువారం పొద్దున నేను వేరే సిబ్బందిని దించడానికి అక్కడికి వెళ్ళేసరికి, లాడ్జి హాల్లో టీవీ ముందు ఓరిన్, రెనాటా కూర్చుని ఉన్నారు. రైలు సమ్మెను చట్టసభే చట్టం చేసి ఆపెయ్యొచ్చు, ఆరోజే వాషింగ్టన్‌లో సెనేటు ఓటు. సమ్మె కుదరదు, కంపెనీల ఒప్పందం ఒప్పుకోవాల్సిందే అన్నది ఒకటి. దానికి జబ్బు సెలవు కలపాలా వద్దా అన్నది రెండోది.

వ్యాను ఖాళీగా పోతోంది, ఎక్కమని ఓరిన్ తో అన్నాను. మధ్యాహ్నానికి వెల్డన్‌లో ఉంటాడు, డాక్టరు సాయంత్రం దాకా ఉంటాడు.

‘‘ఇక్కడ బండొచ్చి ఫోను మోగితే, నేను లేకపోతే, అది పాయింట్లతో పోదు పెద్దాయనా. ఉద్యోగమే.’’

‘‘జబ్బని చెప్పి వెళ్ళు మరి,’’ అంది రెనాటా.

‘‘చెప్తే విచారణే. ఇంకో రెండేళ్ళు.’’

‘‘పింఛను తీసుకోడానికి నువ్వుండాలిగా.’’

అతను టీవీ వైపు చూపించాడు. ‘‘ఇవాళ తేలిపోద్ది. అది గెలిస్తే జనవరిలో దర్జాగా వెళ్తా.’’

‘‘అవునవును. నీ ఉచ్చ సంగతి తేల్చడానికే కూర్చున్నారు వంద మంది పెద్దమనుషులు. ఎంత గొప్పోడివి ఓరిన్ నువ్వు,’’ అంది రెనాటా. అని, లేచి అతని కప్పులో కాఫీ పోసింది. కొంచెం బల్ల మీద ఒలికింది. తుడుస్తూ ఇటు తిరగలేదు.

నాకు వేరే పిలుపు వచ్చేదాకా నేనూ అక్కడే కూర్చున్నాను. ఓటు జరిగింది. సెలవు ఇవ్వాలన్నవాళ్ళే ఎక్కువమంది. అయినా వీగిపోయింది. అక్కడి పద్ధతిలో ఎక్కువ ఉంటే చాలదు, ఇంకా ఎక్కువ, వందలో అరవై ఉండాలి. సమ్మె వద్దన్నది మాత్రం దర్జాగా గెలిచింది. కౌంటరు దగ్గరి ఆమె అడక్కుండానే వాతావరణం చానలు పెట్టింది. కాసేపటికి ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. దారి తెరుచుకుంది, బండి సిద్ధం. వాళ్ళు సంచులు తీసుకుని లేచారు.

తరవాతి ఏడాది కంపెనీలు ఒక్కొక్క యూనియన్‌తో విడివిడిగా కూర్చుని కొన్నాళ్ళ సెలవు ఇచ్చాయి. కథ చెబుతున్నవాడు న్యాయంగా చెప్పాలి గనుక చెబుతున్నాను. ఓరిన్‌కు కావలసింది అప్పుడు కాదు.

జనవరి మొదటి గురువారం అతను జబ్బని ఫోను చేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఎవరి సలహా అడగలేదు. విచారణకు రమ్మని కంపెనీ కబురు పెట్టింది, రోజు కూడా ఇచ్చింది. డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, మాట తగ్గించి, వచ్చేవారమే ఒమాహా రమ్మన్నాడట. మత్తు ఇస్తారు గనుక తిరిగి ఇంటికి తీసుకెళ్ళే మనిషి వెంట ఉండాలి, లేకపోతే మొదలే పెట్టం అన్నారట. ఓరిన్ రెండు రోజులు ఆలోచించాడు. అన్న పోయాడు. బ్యాండువాళ్ళతో మాట్లాడి చాలా ఏళ్ళయింది. రెనాటా దారిలో ఉంది, ఎప్పుడొస్తుందో తెలియదు. చివరికి నాకు ఫోను చేసి, వ్యాను బుక్ చేసుకుంటున్నట్టు, ఖాళీయేనా అని అడిగాడు. నా సొంత కారులో వెళ్ళాం. ఒమాహా దాకా పక్క రాష్ట్రం ఐయోవాలో మొక్కజొన్న ధర గురించి మాట్లాడుకున్నాం.

ఆసుపత్రి వరండాలో అందరి పక్కనా ఎవరో ఒకరు ఉన్నారు. మధ్యాహ్నం సర్జను బయటికి వచ్చి ‘‘వావ్రా వాళ్ళు’’ అని పిలిచింది. లేచింది నేనొక్కణ్ణే. ఏమవుతారని అడిగింది. వ్యాను నడుపుతానన్నాను. ఆయన మీ పేరే ఇచ్చారు, మీకు చెప్పమన్నారు అని కూర్చోబెట్టింది. గడ్డ లోపలి గోడలోకి దిగిపోయింది. మూత్రకోశం మొత్తం తీసెయ్యాలి. ఆపైన కూడా మాట ఇవ్వలేం. ఎండాకాలంలో వచ్చి ఉంటే గీకి వదిలేసేవాళ్ళమంది. ఎందుకు రాలేదని అడిగింది. ఆమెకు బోర్డు గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఫోను చూసుకుని, క్షమించండి, ఇంకో పేషెంటు ఉన్నాడంది.

అతను తెప్పరిల్లేసరికి ఎండ వాలుతోంది. కళ్ళు తెరిచి నన్ను చూసి, చెప్పిందా అన్నాడు. చెప్పిందన్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టే, ఏదీ దాచకుండా చెప్పాను. వెనక సీట్లో మనిషితో మాట్లాడే అలవాటుకు ఎదురుగా ఉన్న మొహం చూసి చెప్పడం కష్టమైంది. విన్నాడు. ఇక బండి ఎక్కనివ్వరు కదా అన్నాడు. ఎక్కనివ్వరనుకుంటాను అన్నాను. అయితే విచారణకు వెళ్ళక్కర్లేదన్నాడు. నవ్వబోయాడు, పొట్ట పట్టుకున్నాడు.

ఎవరికైనా ఫోను చెయ్యనా అని అడిగాను. ఆ ప్రశ్నకు అతను నిజంగానే వెతుక్కున్నాడు. పెదవులు కదిలాయి, పేర్లు ఒక్కొక్కటే అనుకుని పక్కన పెడుతున్నాడని తెలుస్తోంది.

‘‘లోర్నాకి చెయ్యి,’’ అన్నాడు చివరికి. నేను ఫోను తీశాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ‘‘ఇప్పుడు కాదు. వాళ్ళాయన బడిపిల్లల బస్సు తోలతాడు, సాయంత్రానికి ఇంటికొస్తాడు. వచ్చాక చెయ్యి. ఒక్కతే ఉన్నప్పుడు చెప్పొద్దు.’’

సరేనన్నాను. కిటికీ దగ్గర కుర్చీ ఒకటి ఉంటే లాక్కుని కూర్చున్నాను. ఆ ఇంటికి మనిషి వచ్చేదాకా ఇద్దరం ఎదురుచూశాం.