నల్లరాయి సెమినార్

మా హాస్టల్లో ఆమెని అందరూ చుట్టం అంటారు. ఎవరూ పిలవకుండానే ఏదో ఒక డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి, మొహమాటం లేకుండా ముందు బెంచీలో కూర్చుని పాఠం విని వస్తుంది కాబట్టి ఆ పేరు. ఆమె చదివేది ఎం.కామ్. నేను సాహిత్యం. ఇద్దరిదీ ఒకే గది.

వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి యూనివర్సిటీ గేటు ముందు నుంచే బస్సు నడిపినా, ఎప్పుడూ లోపలికి అడుగుపెట్టలేదట. కూతుర్ని చేర్చడానికి వచ్చిన రోజు పెద్ద భవనం వరండాలో తల పైకెత్తి నిలబడిపోయి, "ఇన్ని గదుల్లోనూ పాఠాలే చెప్తారా?" అని అడిగాడట. అవునంటే, "అయితే అన్నీ చూసిరా తల్లీ" అన్నాడట. వేరే పిల్లలైతే ఆ మాటకి నవ్వి ఊరుకునేవాళ్ళు. ఈవిడ తు.చ. తప్పకుండా పాటించింది.

పొద్దున తన క్లాసులు ఒక్కటీ మానదు. మధ్యాహ్నం ఖాళీ దొరికితే నోటీసు బోర్డుల ముందు నిలబడి, ఎక్కడ ఏ పాఠముందో చూసుకుంటుంది. హాజరు కాగితం తన దగ్గరికి వస్తే సంతకం పెట్టకుండా పక్కవాళ్ళకి అందిస్తుంది. నువ్వెవరని అడిగితే నిజం చెప్పాలి, అడక్కపోతే పాఠం వినాలి. ఆమె పెట్టుకున్న నియమం అంతే. అలా చీమల గూళ్ళ గురించి విన్నది, వంతెనలు ఎందుకు ఊగుతాయో విన్నది. ఒకసారి పొరపాటున క్లర్కుల శిక్షణ తరగతిలో కూర్చుని అదీ చివరిదాకా విన్నది.

"ఎందుకే నీకీ తిరుగుడు?" అని పక్కగది అక్క ఒకసారి భోజనాల దగ్గర అడిగింది. "నీ డిగ్రీలో చీమలకీ వంతెనలకీ మార్కులేమైనా వేస్తారా?"

"వెయ్యరక్కా. అందుకే తప్పుతానన్న భయం లేకుండా వింటున్నా."

రెండో ఏడాది ఆమె జియాలజీ క్లాసులో పడింది. ఎప్పుడూ ఒక డిపార్ట్‌మెంట్‌లో రెండు మూడు వారాలకి మించి ఉండని మనిషి, అక్కడ పాతుకుపోయింది. రోజూ వచ్చి నాకు చెప్పేది. రాతిని కాగితం కన్నా పల్చగా అరగదీసి గాజు పలక మీద అతికిస్తారట. అప్పుడు రాతిలోంచి వెలుతురు ఇవతలికి వస్తుందట. దాన్ని మైక్రోస్కోపులో చూడాలట. కానీ మైక్రోస్కోపుల గదికి బయటివాళ్ళు వెళ్ళడానికి లేదు. ఎవరో ఒక లెన్సు పగలగొట్టినప్పటి నుంచి తలుపు మీద బోర్డు పెట్టారు.

ఒక గురువారం ఆమె గాజు పలక ఒకటి రుమాల్లో చుట్టుకుని వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"జియాలజీ మేడమ్ సెమినార్లు పంచుతూ బెంచీ బెంచీకి వచ్చిందే. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో స్లైడు పెడుతోంది. నా దగ్గర కూడా ఆగింది. రోజూ ముందు బెంచీలో కనిపిస్తా కదా, తన స్టూడెంటే అనుకుంది. నా చెయ్యి దానంతట అదే ముందుకెళ్ళింది. వచ్చే గురువారం నేను మాట్లాడాలట."

పక్కగది అక్క వెంటనే తేల్చేసింది. "స్లైడు ఎవరిచేతైనా పంపించేసి మాయమైపో. ఆ మేడమ్ గది ముందు పిల్లలు దగ్గు కూడా ఆపుకుని నడుస్తారు."

"మాయమైతే మళ్ళీ ఆ క్లాసు గడప తొక్కలేనక్కా."

"చెప్తే మాత్రం తొక్కనిస్తారా?"

"అదే తెలీదు. కానీ స్లైడు చూపిస్తే అటెండరు మైక్రోస్కోపు గదిలోకి రానిస్తాడు. ఈ వారం చూసుకుంటా. ఆ రోజు వాళ్ళు అడక్కముందే నేనే చెప్పేస్తా."

ఆ వారమంతా అన్నం తింటున్నా, తల దువ్వుకుంటున్నా ఆమెకి రాయే లోకం. గురువారం నన్నూ లాక్కెళ్ళింది.

"నేనేం మాట్లాడను," అన్నాను.

"మాట్లాడే పని నాదిలే. పెళ్ళికూతురి వెనక తోడుపెళ్ళికూతురిలా కూర్చో, చాలు."

మైక్రోస్కోపుల గదిలోనే సెమినార్. మైక్రోస్కోపులోని బొమ్మ గోడకున్న తెర మీద పడుతుంది. మేడమ్ కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని కూర్చుంది. చుట్టం ముందుకు వెళ్ళి, గొంతు సవరించుకుని, "మేడమ్, మొదలుపెట్టే ముందు ఒక మాట. నేను మీ డిపార్ట్‌మెంట్ కాదు. కామర్స్," అంది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"మరి స్లైడెందుకు తీసుకున్నావ్?"

"మీరు ఇచ్చారు మేడమ్. వద్దనే ధైర్యం రాలేదు."

"ఇప్పుడు నిజం చెప్పే ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఈ రాయిని వారమంతా చూసేశాను కదా మేడమ్."

మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుని, చేత్తో తెర వైపు చూపించింది.

చుట్టం స్లైడు పెట్టింది. మెట్లకీ గడపలకీ వేసే మామూలు నల్లరాయి అది. తెర మీద వెలిసిపోయిన గాజు పెంకుల్లా కనిపించింది. అప్పుడు ఆమె ఒక చిన్న మీట జరిపింది. రాయి ఒక్కసారిగా రంగుల్లోకి తిరిగింది. నీలం, గులాబీ, నిమ్మపండు పసుపు. వాటి మధ్య నలుపూ తెలుపూ చారలు. స్లైడు కింది పళ్ళెం తిప్పుతుంటే నల్లచార తెల్లబడి, తెల్లచార నల్లబడింది. నేను నా కుర్చీ అంచుని పట్టుకున్నాను. రోజూ చెప్పులేసుకుని దీని మీదనుంచేనా నడిచింది?

ఆమె మాట్లాడుతోంది. నేల అడుగున ద్రవంగా ఉన్నది తీరుబడిగా చల్లారిందనీ, అందుకే రాతిలోని స్ఫటికాల పలుకులు ఇంత పెద్దవయ్యాయనీ. రెండు చోట్ల తప్పు చెప్పింది, మేడమ్ దిద్దింది. మూడోచోట ఒక కుర్రాడు దిద్దాడు. ఆమె సిగ్గుపడకుండా, "అలాగా," అని ఆ ముక్క మళ్ళీ చూసింది.

అందరూ వెళ్ళిపోతుంటే మేడమ్ ఆమెని ఆగమంది. నేనూ ఉండిపోయాను.

"పాఠానికి రా, నాకేం అభ్యంతరం లేదు. ఈ గదికి మాత్రం రావడానికి లేదు. ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలి."

"సరే మేడమ్." చుట్టం స్లైడుని రుమాలుతో తుడిచి, పెట్టెలో దాని గాడిలో పెట్టింది.

మేడమ్ లేవలేదు. సొరుగు లాగి, అట్టపెట్టెలోంచి ఒక పాత గాజు పలక తీసింది.

"ఇది సిలబస్‌లో లేదు. నేను నీ వయసులో ఉన్నప్పుడు కొండ మీద ఏరుకున్న రాయి. రేపట్నుంచి కదా నీకు ప్రవేశం లేనిది. కూర్చో."

చుట్టం దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను ఆనించింది. చాలాసేపు కదల్లేదు. లేచి నాకు చోటిచ్చింది. లేత గులాబీ రంగు గుండ్రటి పలుకు. దాని లోపల ఇసుక లాంటి చుక్కల వరస సుడి తిరిగి ఉంది.

"కొండలు పైకి లేస్తుంటే రాయి నలుగుతుంది," అంది మేడమ్ వెనకనుంచి. "ఆ నలుగుడులో ఈ పలుకు పెరుగుతూనే దొర్లింది. పెరుగుతూ ఏది తగిలితే అది లోపల దాచుకుంది. ఆ కాస్త సుడి తిరగడానికి లక్షల ఏళ్ళు పట్టుంటుంది."

నాకు ఊపిరి తీసుకోవాలనిపించలేదు. ఊపిరి తగిలితే అది మళ్ళీ దొర్లుతుందేమో అనిపించింది.

చుట్టం నా భుజం తట్టి, "జరగవే, ఇంకోసారి చూడనీ," అంది.