మా ఇంట్లో గోధుమల వేట

ఎంఏ చదివిన ఆడమనిషి ఒక్క ఏడాదిలో ఆస్పత్రిని, బడిని, సొంత ఇంటిని ఎలా తలకిందులు చేయగలదో చెబుతాను. నవ్వుకోండి. ఆ రోజుల్లో మాత్రం నేను పళ్లు కొరకడం తప్ప వాటిని చూపించిన పాపాన పోలేదు.

మా అమ్మాయి స్నేహకు అప్పుడు ఏడేళ్లు. కాళ్లూ చేతులూ అగ్గిపుల్లలు, కడుపు బోర్లించిన బిందె. రక్తం లేదు, ఎముకల్లో సత్తువ లేదు, ఎదుగుదల అసలే లేదు. దానికి తాగించిన ఐరన్ సిరప్‌తో ఇంటికి గేటు చేయించుకోవచ్చు. మొహం మాత్రం సున్నం కొట్టిన గోడే.

కరీంనగర్ డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "ఇది సీలియాక్ జబ్బు. గోధుమ తింటే పేగు దెబ్బతింటది, ఇంక ఏ మందు పోసినా ఒంటికి పట్టదు. గోధుమ పూర్తిగా బంద్ చెయ్యాలె" అంది.

"అన్నం మానుమన్న డాక్టర్లను చూసిన గని, చపాతి మానుమన్నోళ్లను మిమ్మల్నే చూస్తున్న మేడం!"

"మరి చిన్నపిల్లకు మూడు పూటలా చపాతి పెట్టుమని ఎవలు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదు. అన్నంలో బలం లేదన్నది నా సొంత పరిశోధన.

ఆ రోజే చపాతి పిండి, రవ్వ, సేమ్యా, బిస్కెట్లు గడప దాటాయి. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. "ఎక్కడో ఇంకా గోధుమ తింటున్నది" అంది డాక్టరమ్మ.

ఒళ్లు మండిపోయింది. బడికి పోయి, పిల్లకు బ్రెడ్ పెడుతోందని ఆయమ్మను నలుగురిలో నిలదీశాను. ఆ వేడి చల్లారకముందే ఇంటికొచ్చి మా అత్తమ్మ మీద పడ్డాను.

"నిజం చెప్పున్రి అత్తమ్మా! నాకు తెల్వకుంట బిస్కెట్లు పెడ్తున్నరు గద?"

"నేను జొన్న గట్క పోస్తనంటె పల్లెటూరి తిండి అంటివి. ఇప్పుడు నన్ను దొంగను జేస్తివా?"

ఇద్దరం గొంతులు చించుకుంటుంటే, స్నేహ వంటింట్లోంచి డబ్బా పట్టుకొచ్చింది.

"అమ్మా, వీట్ అంటె చపాతి పిండే గద? గీ ఇంగువ డబ్బా మీద రాసున్నది."

పిల్ల కడుపు ఉబ్బరం తగ్గాలని చారులో, పప్పులో, మజ్జిగలో నేను ధారాళంగా వేస్తున్న ఇంగువ! ఇంగువలో పిండి కలపడమేమిటి? కలిపారు పో, ఆ ముక్క చీమలు చదువుకునే సైజులో అచ్చేయడమేమిటి? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే పట్టలేడు మరి, పాపం ఆయనకూ ఆ అక్షరాలు ఆని ఉండవు.

అత్తమ్మ తాపీగా కూర్చుని అంది: "ఇగ ఆయమ్మ కాడికి పో బిడ్డ. కొట్లాడనీకె పోయిన తొవ్వ యాదికున్నది గద?"

పోయాను. తలదించుకుని క్షమాపణ చెప్పాను. పిండి కలపని ఇంగువ ఎక్కడుందో వెతికి తెచ్చాను. ఏడాది తిరిగేసరికి స్నేహ గౌన్లన్నీ మోకాళ్ల పైకి ఎగబాకాయి.

కనుక సమస్త పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ జన్మలో ఇంకెవరితోనూ పోట్లాడను.