శనివారం నాడు పూర్తయిన జాకెట్టు

ఎస్తేరు జాకెట్టు మెడపట్టీని ఎడమ బొటనవేలితో నొక్కిపట్టి, కుడిచేత్తో సన్నగా చేతికుట్టు వేస్తోంది. ఎండ అరుగు దిగి వాకిట్లోకి పోయింది. శుక్రవారం పొద్దు కుంకితే ఆమెకు విశ్రాంతి దినం మొదలు. మళ్లీ శనివారం పొద్దు కుంకేదాకా సూది ముట్టదు.

జాకెట్టుకు ఇంకా చేతులు అతకాలి, హుక్కులు కుట్టాలి. సావిత్రమ్మ కూతురు సుచరిత పెళ్లి ఆదివారం పొద్దున ఆలేరులో. కొత్తకోట నుంచి పెళ్లి బస్సు శనివారం నాలుగింటికే బయల్దేరుతుంది. బట్ట వచ్చింది గురువారం. "అయితది తీయమ్మా" అని మాటిచ్చింది ఎస్తేరే. తీరా శుక్రవారం మిషను బెల్టు తెగి సగం దినం పోయింది.

పొద్దు కుంకింది. ఎస్తేరు జాకెట్టును మిషను మీదే పెట్టి గుడ్డ కప్పింది. ముప్పై ఏళ్లలో గిరాకీలకు ఇచ్చిన మాట తప్పలేదు, దేవునికి ఇచ్చిన మాటా తప్పలేదు. ఇప్పుడు ఏదో ఒకటి పోయేట్టుంది.

ఆమెకు పని నేర్పింది తోటికోడలు సోమమ్మ. కాపురానికి వచ్చిన కొత్తలో పాత జాకెట్లు ఇచ్చి, కుట్లు విప్పించి, మళ్లీ కుట్టించింది. ఇద్దరూ ఆదివారం ఒకే చర్చికి పోయేవాళ్లు. ఆరేళ్ల కింద ఎస్తేరు తనంతట తాను బైబిలు చదువుకుని, ఏడో దినమంటే శనివారమేనని తేల్చుకుంది.

"యేసయ్య లేచింది ఆదివారం గాదా?" అని సోమమ్మ.

"లేచిండు. గని దినం మార్చుమన్నడా?" అని ఎస్తేరు.

సోమమ్మ భర్త జానయ్య మధ్యలో దూరి, "దేవుడే వారానికి ఒక్క దినం తీసుకున్నడు. మా ఇంట్ల రెండు తీసుకుంటున్నరు" అన్నాడు. ఇద్దరూ కలిసి ఆయన్ను కసిరారు.

మొన్న క్రిస్మస్‌కు మాట పెరిగింది. అప్పటినుంచి పలకరింపుల్లేవు. నడిమింట్లో ఉన్న ఒక్క మిషను మాత్రం ఇద్దరికీ నడుస్తోంది.

శనివారం ఆరాధన ముగించుకుని ఎస్తేరు ఇంటికి వచ్చేసరికి మిషను చప్పుడు వినిపించింది. సోమమ్మ కూర్చుని సుచరిత జాకెట్టు కుడుతోంది.

"అక్కా, నీకెవరు చెప్పిండ్రు?"

"సావిత్రమ్మ రెండుసార్లొచ్చి మొకం చిన్నగ చేసుకుని పోయింది. నా సెలవు రేపు, ఇయ్యాల గాదు."

"పనోళ్లతోని గూడ చేయించొద్దని రాసుంది."

"నేను నీ పనిదాన్నా? అక్కను. నువ్వు చెప్తె చేస్తున్ననా? జర జరుగు, ఎల్గు రానియ్యి."

ఎస్తేరు గోడకు ఆనుకుని కూర్చుంది. సోమమ్మ మొదటి చెయ్యి అతికి పక్కకు తిప్పింది. జాకెట్టు చేతికి ముందువైపు కోత కొంచెం లోతుగా ఉంటుంది. ఆ లోతు వీపువైపుకు పోయింది. ఎడమది కుడికి పడింది. అట్లాగే ఇస్తే, తలంబ్రాలు పోయడానికి పిల్ల చేతులెత్తినప్పుడు చంకలో పట్టేస్తుంది.

ఎస్తేరు చేతులు ఒళ్లో ముడుచుకుంది. చెబితే చేయించినట్టే. చెప్పకపోతే ఆ పిల్ల పీటల మీద ఇబ్బంది పడుతుంది. గడియారం రెండు దాటింది.

"అక్కా, అది ఎడమ చెయ్యి."

సోమమ్మ కాలు ఆపింది. "చెప్పుడు గూడ పనే గాదా?"

"పనే. దేవునికి నేను చెప్పుకుంట. నువ్వు ఇప్పు."

"కుట్లు ఇప్పేది నీకు నేర్పిందే నేను. ఇయ్యాల నాతోని ఇప్పిస్తున్నవు" అని గొణుగుతూనే సోమమ్మ బ్లేడు తీసుకుంది. కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. "ఏ దారం? నాకు కనవడ్తలేదు."

"అద్గదే. బట్ట తెగకుండ. మెల్లగ."

కుట్టు విప్పి, చేతులు మార్చి అతికేసరికి మూడు దాటింది. హుక్కులు కుడుతున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఏ దినం గొప్పదన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

సావిత్రమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. సుచరిత లోపలికి పోయి జాకెట్టు తొడుక్కుని వచ్చింది.

"చేతులెత్తు బిడ్డా" అంది ఎస్తేరు.

పిల్ల రెండు చేతులూ తల మీదికెత్తింది. ఎక్కడా పట్టలేదు.

పిల్ల మార్చుకుని వచ్చాక సోమమ్మ జాకెట్టు మడిచి, కాగితంలో చుట్టి సావిత్రమ్మ చేతికిచ్చింది. "ఎస్తేరు మాటిచ్చింది గదా, తీస్కపో. బస్సుకు యాళ్లయితాంది."