సరిచూశానని పెట్టిన సంతకం

మా స్కూల్లో పరీక్ష పేపర్లకు ఒక పద్ధతి ఉండేది. టీచర్ తన ప్రశ్నపత్రాన్ని పెన్ డ్రైవ్‌లో తెచ్చి ఇస్తే, కంప్యూటర్ గదిలో మేం ఒక్క కాపీ తీసి ఆ టీచర్‌కే ఇవ్వాలి. టీచర్ దాన్ని చదివి, అడుగున సరిచూశానని రాసి సంతకం చెయ్యాలి. ఆ తర్వాతే మిగతా కాపీలు తీసి, కవర్లో పెట్టి సీలు వేస్తాం. ఆ కవరు మళ్ళీ పరీక్ష హాల్లోనే తెరుస్తారు. ఆ సంతకంతో మాకు సంబంధం లేదు. ఒక్కసారి మాత్రం నేను చేశాను.

పుదుచ్చేరిలోని ఆ ప్రైవేటు స్కూల్లో ఐటీ సపోర్ట్ అంటే ఇద్దరమే. ఇన్‌చార్జి తమిళాయన, ఆయన కింద నేను. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాలు లాగడం, ప్రొజెక్టర్ వైర్లు సరిచెయ్యడం, ల్యాబ్‌లో పిల్లలు మౌసుల్లోంచి పీకి దాచేసిన బంతులు వెతకడం మా పని. నేను రోజూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వెళ్ళేవాణ్ణి. బల్ల కింద దూరవలసి వస్తే ముందు న్యూస్‌పేపర్ పరుచుకునేవాణ్ణి. అది చూసి ఇన్‌చార్జి నాకు ‘జమీన్’ అని, అంటే తమిళంలో జమీందారు అని, పేరు పెట్టాడు. తివాచీ తెప్పించమంటావా జమీన్ అని అందరి ముందూ అడిగేవాడు. నేను నవ్వేవాణ్ణి కాదు. లోపల మాత్రం ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

ఏంబలం వైపు మా తాతకు చాలా పొలం ఉండేది. మా నాన్న కాలానికి అదంతా చేతులు మారింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి మురుంగపాక్కంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నాం. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళం. ఇంట్లో మాట తెలుగే, బడి చదువు మాత్రం తమిళం, ఇంగ్లీషు. మా అమ్మ సరుకుల చీటీ రాస్తే మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాడు తాత ఒక్కడే. ఆయన పోయాక మాలో ఎవరికీ రాదన్న సంగతి మేం బయట చెప్పుకోలేదు. నేను ఈ అక్షరాలు దిద్దుకున్నది ముప్పై దాటాక, ఇదంతా జరిగిపోయాక.

ఆ ఏడాది తెలుగు చెప్పడానికి నెల్లూరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళ పిల్లలు పదిమంది దాకా ఉండేవారు, వాళ్ళకోసం. ఏడాది కాంట్రాక్టు. ఏప్రిల్‌లో స్కూలువాళ్ళు తృప్తిపడితే ఇంకో ఏడాదికి రాసిస్తారు. ఆ ఉద్యోగం నిలబడితే తన కూతురికి ఇదే స్కూల్లో ఫీజు తగ్గుతుందని ఆవిడ చేరిన కొత్తలోనే చెప్పింది.

మొదటిరోజు స్టాఫ్‌రూమ్ కంప్యూటర్ బాగుచెయ్యమని పిలిచింది. “యాడుంది టీచర్? ఏంది దానికి?” అన్నాను.

ఆవిడ నవ్వింది. “మీది తెలుగేనాండీ? సగం అరవం కలిసినట్టుందే.”

వేళాకోళానికే అంది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. మా తాత పురాణం చదివితే వీధి వీధంతా వచ్చి కూర్చునేదని చెప్పాను. అది నిజమే. అక్కడితో ఆగలేదు. “మా ఇంట్లో ఇప్పటికీ రోజూ పది పేజీలన్నా చదవకుండా ఎవురూ అన్నానికి కూర్చోరు టీచర్” అన్నాను.

ఆవిడ నమ్మింది. అప్పటినుంచి నా మాటతీరు మీద నవ్వలేదు. ఒకసారి ఊరినుంచి తెచ్చుకున్న వారపత్రిక నాకిచ్చి, చదివి ఇవ్వమంది. వారం ఉంచుకుని, కథలు బాగున్నాయని చెప్పి తిరిగి ఇచ్చేశాను.

అర్ధసంవత్సర పరీక్షలు వచ్చాయి. ఆవిడ పెన్ డ్రైవ్ ఇచ్చి, మర్నాడు వచ్చి కాపీ చూస్తానని వెళ్ళింది. మర్నాడు కూతురికి జ్వరమని ఫోన్ చేసింది. ఆ సాయంత్రానికి కవర్లన్నీ సీలు కావాలి. ఇన్‌చార్జి ఏం చెయ్యమంటారని అడిగితే, మీ దగ్గర ఆ తెలుగాయన ఉన్నారుగా, నాకంటే బాగా చదువుతారు, చూసి సంతకం పెట్టమనండి అందట. ఇన్‌చార్జి కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

చూశాను. గుండ్రటి అక్షరాలు, వరుసలు వరుసలుగా. సినిమా పోస్టర్ల మీద, క్యాలెండర్ల మీద కనపడేలాంటివే. చదివేవాళ్ళ కళ్ళు ఎంత నెమ్మదిగా కదులుతాయో గుర్తుచేసుకుంటూ నా కళ్ళను ఎడమనుంచి కుడికి కదిపాను. పేజీ తిప్పాను. ఒకచోట ఆగి తల కూడా ఊపాను.

“పూర్తిగా చదివినావా జమీన్?” అని తమిళంలో అడిగాడు ఇన్‌చార్జి.

“చదివినా” అని సంతకం చేశాను.

ఆవిడ కొత్తరకం తెలుగు ఫాంట్‌తో టైపు చేసింది. అది సరిగా కనపడాలంటే కంప్యూటర్‌లో సీడీ నుంచి ఒక భాగం అదనంగా ఎక్కించాలి. తమిళ టీచర్లు పాతరకం ఫాంట్లు వాడేవారు కనుక ఆ అవసరం మాకెప్పుడూ రాలేదు. అది లేని మా కంప్యూటర్‌లో ఒత్తులు అక్షరాల కిందనుంచి ఊడి పక్కకొచ్చాయి. గుడులు, కొమ్ములు ఎటో పడ్డాయి. తెలుగు వచ్చిన ఏ పిల్లాడైనా మొదటి వరుసలోనే పట్టుకుంటాడు. పరీక్ష హాల్లో అదే జరిగింది. కవరు తెరిచిన ఐదు నిమిషాలకు పిల్లలు ఇది చదవలేమని లేచి నిలబడ్డారు. ఆవిడ పరిగెత్తుకొచ్చి, పేపరంతా గుర్తుచేసుకుంటూ బోర్డు మీద రాసింది. పరీక్ష గంట ఆలస్యమైంది.

మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ మమ్మల్ని ముగ్గురినీ పిలిచింది. నా సంతకం ఉన్న కాపీ ఆమె బల్ల మీద ఉంది. ఎవరూ అడగకముందే నేను చెప్పాను. ఫైలు వచ్చిందే అలా వచ్చిందనీ, టీచర్ ఇచ్చినదాన్ని మార్చే హక్కు నాకు లేదు కనుక ఉన్నది ఉన్నట్టు తీశాననీ. కంప్యూటర్ల గురించి ఆ గదిలో నా మాటను కాదనగలిగినవాడు ఇన్‌చార్జి ఒక్కడే. ఆయనకు తెలుగు రాదు.

అయితే మీరెక్కడ టైపు చేశారని హెడ్‌మిస్ట్రెస్ ఆవిణ్ణి అడిగింది. ఇంట్లో కంప్యూటర్ లేదని, బస్టాండు దగ్గర బ్రౌజింగ్ సెంటర్లో చేశానని ఆవిడ నిజం చెప్పేసింది. ప్రశ్నపత్రం బయటి కంప్యూటర్‌లో తెరవకూడదన్నది అక్కడ మొదటి రూలు. హెడ్‌మిస్ట్రెస్ ఇంకేమీ అడగకుండా మెమో రాయడానికి కాగితం తీసుకుంది. ఆవిడ బ్రౌజింగ్ సెంటర్‌కు వెళ్ళిందని నాకు తెలియదు. తెలిశాక కూడా నేను నోరు తెరవలేదు.

సాయంత్రం ఇన్‌చార్జి అనుమానంతో సీడీ వేసి ఆ భాగం ఎక్కించాడు. ఫైలు మళ్ళీ తెరిచి, ఇప్పుడు సరిగా ఉందా చూడమన్నాడు. ఉందన్నాను. అది కూడా నాకు తెలియదు. అప్పుడే ఆవిడ లోపలికొచ్చింది. తెర వంక చూసింది, కుర్చీ లాక్కుని మొత్తం చదివింది. తర్వాత ఒక కాగితం మీద ఒక వాక్యం రాసి నా ముందు పెట్టింది.

“ఇది చదవండి.”

నేను ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇన్‌చార్జి లేచి బయటికి వెళ్ళాడు.

“ఆ పత్రిక కూడా చదవలేదు కదూ?” అంది. “రాదని ఒక్క మాట చెప్పుంటే, పాపను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి నేనే వచ్చుండేదాన్ని కదండీ.” గొంతు పెంచలేదు. ఆ కాగితం మడిచి తీసుకుని వెళ్ళిపోయింది. ఏం రాసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాను. “జరిగింది జరిగిపోయె. చదవను రాదని మాత్రం యాడా చెప్పబాకు. మీ తాత పేరు ఏం కాను?” అంది.

మర్నాడు ఉదయం హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళాను. ఫైలు బాగానే ఉంది, తప్పు మా కంప్యూటర్‌ది అని చెప్పాను. మరి చదివే సంతకం చేశారు కదా, అప్పుడు కనపడలేదా అని అడిగింది. చెప్పడానికి అదే సమయం. తొందరలో సరిగా చూడలేదన్నాను. ఇకమీదట జాగ్రత్తగా ఉండమని మందలించి, బ్రౌజింగ్ సెంటర్ సంగతి వేరు, అది ఆవిడ తప్పే, మెమో అలాగే ఉంటుంది అంది. ఆ మాటకు నా గుండె తేలికపడింది. అవును, అది వేరు సంగతి అనుకుంటూ మెట్లు దిగాను. చేసిన అన్నిటిలోకీ ఆ తేలికపడటాన్నే నేను క్షమించుకోలేకపోతున్నాను. నేను ఫైలు మీద నెపం పెట్టకపోతే ఎక్కడ టైపు చేశారన్న ప్రశ్నే వచ్చేది కాదు.

ఏప్రిల్‌లో ఆవిడకు కాంట్రాక్టు రాయలేదు. చివరిరోజు గది గదికీ వెళ్ళి చెప్పి వస్తూ మా దగ్గరికీ వచ్చింది. ఇన్‌చార్జితో రెండు మాటలు మాట్లాడి, నా వైపు తిరిగి “వస్తానండీ” అంది. నేను లేచి నిలబడ్డాను. మర్యాద తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక నిటారుగా నిలబడి చేతులు జోడించాను.