స్వరూప మీద వేసిన నింద

పదిహేనేళ్లుగా మోస్తున్నాను దీన్ని. మా ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

తెలంగాణ ఉద్యమం రగులుతున్న రోజులు. నేను అనంతపురం నుంచి వచ్చి, తార్నాకలో గది తీసుకుని, యూనివర్సిటీలో జెనెటిక్స్ పరిశోధన చేస్తున్నాను. స్వరూప నాకు జూనియర్. సిద్దిపేట వైపు రైతుల పిల్ల. ఆడవాళ్ల హార్మోన్లు నెలలో పెరిగి తగ్గుతుంటాయి కదా, వాటితోపాటు క్రోమోజోములు విరగడం కూడా పెరిగి తగ్గుతుందా అన్నది ఆమె ప్రశ్న. అందుకోసం మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లిల్లూ తిరిగి, ముక్కూమొహం తెలియని ఆడవాళ్లను నెలసరి తేదీలడిగి, ఒప్పించి, ఒక్కొక్కరి దగ్గర రెండేసిసార్లు రక్తం తీసుకుంది. నాకెప్పుడూ అలాంటి ప్రశ్న తట్టలేదు. అసూయ ఉండేదా? ఉండేది.

ఆ రక్తకణాలను ఇంక్యుబేటర్‌లో వెచ్చగా పెంచుతోంది. ఒక మధ్యాహ్నం ఊరేగింపుకు వెళ్లింది. కాసేపటికి బయట టియర్ గ్యాస్. కళ్లు మండుతుంటే, ఇంక్యుబేటర్‌లోంచి నా సీసాలు తీసి ఫ్రిజ్‌లో పడేసి, ఇంక్యుబేటర్ తలుపు పడిందో లేదో చూడకుండా పరుగెత్తాను. రెండు రోజులు క్యాంపస్ మూసేశారు. తెరిచాక మొదట వచ్చింది నేనే. ఇంక్యుబేటర్ తలుపు బార్లా తెరిచి ఉంది. చప్పుడు కాకుండా మూసేశాను. లోపల ఆమె కణాలన్నీ చల్లబడి చచ్చిపోయాయి.

ఇంక్యుబేటర్‌ను చివరగా తెరిచిందెవరని మా ఇద్దరి గైడ్ అడిగారు. స్వరూపే అన్నాను. ఊరేగింపు తొందరలో వెళ్లిందన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఊరేగింపులంటే ఆయనకు గిట్టదు, అడగరని నాకు తెలుసు. ఆ రోజుల్లో, ఊరేగింపులకు వెళ్లే పిల్ల మీద ఏం చెప్పినా ఆయన నమ్ముతారని తెలిసే చెప్పానా? భయంతో నోరు జారిందని ఎన్నేళ్లు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను!

వరండాలో స్వరూప నన్ను ఆపింది.

"అక్కా, నేను పోయినంక ఎవరన్న తెరిచిన్రా? నువ్వు గాడనే ఉన్నవ్ గదా?"

"నాకేం తెలుసు? నువ్వే సరిగా ఎయ్యకుండా పోయింటావు."

"అయ్యుంటది. నెత్తురిచ్చిన గా అక్కలకు ఇగ నేనేం మొఖం సూపియ్యాలె?"

తనను తాను అనుమానించుకుంది కానీ నన్ను అనుమానించలేదు. నెల తిరక్కుండా పరిశోధన మానేసి వెళ్లిపోయింది. ఆమె ప్రశ్నను గైడ్ నా చేతిలో పెట్టారు. వద్దనలేదు. నా పేరు ముందు డాక్టర్ అని ఉందంటే ఆ ప్రశ్న వల్లే.

ఇప్పుడామె లాలాగూడలో ఒక చిన్న టెస్టుల సెంటర్‌లో రక్తం తీస్తోంది. రెండుసార్లు మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. మూడోసారి పైకి ఎక్కగలనా? ఏమో. మాట ఇవ్వలేను.

తలుపు వేయనిది నేను. అబద్ధం చెప్పింది నేను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతుల్లో లేదు. కానీ ఈ రెండు వాక్యాలూ రాసి, ఎవరూ లేని ఇంట్లో పైకి చదువుకున్నాను. నా గొంతుతో నిజం వినడం ఇదే మొదలు.