ఇరవై రెండు మక్క గింజలు

తొమ్మిదేళ్లు దాటింది, ఒక లెక్క నా దగ్గర తప్పుగా ఉండిపోయి. అది తప్పని తెలిసింది నాకొక్కదానికే. ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పాను. అర మార్కు తేడా వచ్చినా కట్ట విప్పి మొదటి పేపరు నుంచి మళ్లీ చూసేదాన్ని. అలాంటి దాన్ని, తెలిసి తెలిసి ఒక తప్పు లెక్క చదివి వినిపించాను. నలభై మంది నమ్మారు. ఒకామె ఊరు వదిలిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయి ఎన్నిసార్లు ఆగిపోయానో, ఆ లెక్క మాత్రం నేను పెట్టుకోలేదు.

హనుమకొండలో మా కాలనీ చివర ఒక చదువుల గది ఉంది. రెండు బీరువాల పుస్తకాలు, నాలుగు పత్రికలు, ప్లాస్టిక్ కుర్చీలు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్కడ ఒక విషయం మీద వాదన జరుగుతుంది. రిటైరైనవాళ్లు, బజారులో దుకాణాలున్నవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పని మీద వచ్చి ఆగినవాళ్లు, ఎవరైనా రావచ్చు. వాదన ముగిశాక గింజలు వేస్తాం. ప్రతి మనిషికీ ఒక చింతగింజ, ఒక మక్క గింజ, అదే మొక్కజొన్న గింజ, ఇస్తాం. విషయాన్ని ఒప్పుకునేవాళ్లు చింతగింజను, ఒప్పుకోనివాళ్లు మక్క గింజను చెంబులో వేయాలి. మిగిలిన గింజను పక్కనున్న డబ్బాలో వేయాలి. రెండింటి మీదా గుడ్డ కప్పి ఉంటుంది. ఎవరు ఏది వేశారో ఎవరికీ కనపడదు. ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. చెంబు ఎడమ పళ్లెంలోకి, డబ్బా కుడి పళ్లెంలోకి వంచి రెండూ లెక్కపెట్టాలి. చెంబులో చింతగింజలు ఎన్నో, డబ్బాలో మక్కలు అన్నే ఉండాలి. ఈ రెండో లెక్క నేను పెట్టిన పద్ధతే. గింజలు లెక్కపెట్టే పని మొదటి రోజు నుంచీ నాదే.

2016 జూన్ 23, గురువారం నాడు, యూరప్ కూటమిలో ఉండాలా బయటికి రావాలా అని బ్రిటన్ ప్రజలు ఓటు వేశారు. దానికి నాలుగు రోజుల ముందు, ఆదివారం, మా గదిలో అదే విషయం. 'బ్రిటన్ కూటమి నుంచి బయటికి రావడమే మేలు.' బ్రిటన్‌తో మాకేం పని అని మీరనుకోవచ్చు. మా రాష్ట్రం మాకు వచ్చి అప్పటికి రెండేళ్ల పదిహేడు రోజులు. విడిపోవడం, కలిసి ఉండటం అన్న మాటలు ఎవరి గురించి అన్నా మాకు మా గురించి అన్నట్టే వినపడేవి.

సుభద్రకు ఇంకోలా వినపడేవి. ఆమెది తెనాలి. పెళ్లయి వరంగల్ వచ్చింది, మా స్కూల్లోనే తెలుగు చెప్పింది. ఇరవై ఏడేళ్లు ఒకే స్టాఫ్ రూంలో పక్క పక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్లం. భర్త పోయాక ఆమె ఒంటరిగా ఉండేది. తెనాలిలో ఉన్న తమ్ముడు వచ్చేయమని పోరుతున్నాడు. ఇల్లు కొంటామని ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. రాష్ట్రం వచ్చాక ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ కూరగాయల దగ్గర, బస్టాండులో, మంచి మనసుతోనే ఎవరో ఒకరు అడిగేవాళ్లు, మీ ఊరికి ఎప్పుడు పోతున్నారని.

ఆ ఆదివారం గదికి నడిచి వెళుతూ ఆమె నాతో అంది. ఎదురుగా అడిగితే అందరూ ఉండమనే అంటారు వదినా, చెంబులో మాత్రం ఎవరూ మర్యాద కోసం వేయరు, ఇవాళ అది చూసి నిర్ణయించుకుంటాను, అని. నవ్వుతూనే అంది. ఆమె నవ్వుతూ అన్నవి ఎప్పుడూ ఉత్త మాటలు కావని నాకు తెలుసు. కాబట్టి తెలియక చేశానని నేను మీతో అనలేను.

వాదన జోరుగా సాగింది. వర్ధన్నపేట నుంచి వచ్చే కొమురయ్య అనే రైతు బయటికి రావాలన్న పక్షం. బజారులో బట్టల దుకాణమున్న వీరేశం దానికి ఎదురు పక్షం.

"ఒక్కింట్ల ఉండి దినాం కొట్లాడుకునుడు కంటే ఏరుపడుడే నయం. ఎవని గంజి వాడు తాగుతడు," అన్నాడు కొమురయ్య.

"ఏరుపడ్డంక బాయి నీళ్లెట్ల పంచుకుంటవు కొమురన్నా? బాయిని నడిమికి కోస్తవా?"

"వంతు పెట్టుకుంటం. నీ లెక్క గజం బద్ద పట్టుకొని గుంజుకుంటమా?"

అందరూ నవ్వారు. తర్వాత సుభద్ర లేచింది. విడిపోవడం తప్పని ఆమె ఒక్కసారీ అనలేదు. అక్కడ పుట్టి ఇక్కడ బతుకుతున్నవాళ్ల గురించి మాట్లాడింది. లండన్ ఆసుపత్రిలో పనిచేసే పోలండ్ నర్సు శుక్రవారం పొద్దున లేచేసరికి, అదే ఇంట్లో, అదే మంచం మీద, పరాయి దేశపు మనిషి అయిపోతుందేమోనంది. అక్కడితో ఆపి ఉంటే?

ఆపలేదు. నా వైపు చూసి ఒక సంగతి చెప్పింది. ఉద్యమం రోజుల్లో మేమంతా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తిని నిరసన తెలిపేవాళ్లం. ఒకరోజు మా స్కూలు గేటు ముందే పెట్టాం. సుభద్ర లోపల స్టాఫ్ రూంలో ఒక్కతే కూర్చుని ఉంది. నేను టిఫిన్ డబ్బాలో బగారన్నం పెట్టుకుని, కొంగు చాటున దాచుకుని, వెనక గేటు నుంచి వెళ్లి ఆమెకు ఇచ్చి వచ్చాను. వచ్చి మళ్లీ అందరితో కలిసి నినాదాలు ఇచ్చాను. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. "నాకు అన్నం పెట్టి, నోరు తుడుచుకునే లోపలే బయటికెళ్లి నాకు వినపడేలా అరిచిందండీ మా వదిన. కలిసి ఉండటమంటే నాకు తెలిసింది అదే," అంది సుభద్ర.

గదంతా చప్పట్లు. వెనక నుంచి ఎవరో, "ఏం టీచరమ్మా, ఆ దిక్కు సుత వడ్డించినవా? మాకు అడుగంటిందే పెట్టినవ్ గదా!" అన్నారు. మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను. నా చెవులు మండిపోయాయి.

ఎందుకంత మండింది? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. నేను చేసిన మంచి పనినే కదా ఆమె చెప్పింది. కానీ నేను దాన్ని దొంగతనంలాగా చేశాను, దొంగతనంలాగానే దాచుకున్నాను, ఇప్పుడు పదిమందిలో కొంగు లాగి చూపించినట్టయింది. ఉద్యమంలో నా పక్కన కూర్చున్నవాళ్లు ఆ గదిలోనే ఉన్నారు. ఇంతకాలం ఈమె రెండు పక్కలా ఉందా అని వాళ్లు అనుకుంటారనిపించింది. నిజంగా అనుకున్నారా? ఎవరూ అనుకోలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే చేసేదాన్ని కాదా? ఆ మాట కూడా గట్టిగా అనలేను.

గింజలు వేశారు. నేనూ వేశాను, చింతగింజ. మూలనున్న బల్ల దగ్గరికి వెళ్లి, చెంబు ఎడమ పళ్లెంలోకి, డబ్బా కుడి పళ్లెంలోకి వంచాను. ఎడమ పళ్లెం పచ్చగా కనపడింది. లెక్కపెట్టాను. మక్కలు ఇరవై రెండు, చింతగింజలు పందొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాను. అంతే. సుభద్రది ఒకటి తీసేసినా, రాష్ట్రం కోసం రోడ్ల మీద కూర్చున్న మనుషులే ఆమె మాట విని ఇరవై ఒక్క మక్కలు వేశారు. వీళ్లు ఆమెవాళ్లు ఎప్పుడయ్యారు? నేను ఇన్నేళ్లు ఎవరికోసం అరిచాను? అప్పుడు నాలో కదిలిన మాటలు ఇవే. ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

"ఏమైంది టీచరమ్మా, లెక్క జర జల్ది చెప్పరాదు?" అంటూ వీరేశం బల్ల వైపు వచ్చాడు.

అతను వచ్చేలోపల నా చేతులు రెండు పళ్లేలనూ అటుది ఇటు, ఇటుది అటు జరిపాయి. చేతులు జరిపాయని రాస్తున్నాను, చూశారా. నేనే జరిపాను. ఇప్పుడు డబ్బా గింజలు ఎడమన ఉన్నాయి. చింతగింజలు ఇరవై రెండు, మక్కలు పందొమ్మిది. వీరేశం రెండు పళ్లేలూ చూశాడు. ఒకదానికొకటి అచ్చంగా సరిపోయాయి. తప్పు దొరకకూడదని నేను పెట్టిన రెండో లెక్కే నా తప్పుకు కాపలా కాసింది. చదివి వినిపించాను. బయటికి రావాలన్నవాళ్లు ఇరవై రెండు, వద్దన్నవాళ్లు పందొమ్మిది, మొత్తం నలభై ఒకటి.

అందరూ వెళ్లాక చెంబు తుడుస్తుంటే సుభద్ర దగ్గరికి వచ్చి నిలబడింది.

"మూడు గింజలే తేడా, కదూ వదినా?"

"మూడే."

"ఇంకెవరు లెక్కపెట్టినా మళ్లీ ఒకసారి చూడమనేదాన్ని."

"చూడమంటే చూస్త. గింజలు ఈడనే ఉన్నయి వదినె."

"వద్దులే. నువ్వు లెక్క తప్పవుగా." ఒక కుర్చీని గోడ పక్కకు జరిపింది. "బగారన్నం సంగతి చెప్పినందుకు కోపమొచ్చిందా?"

"నాకెందుకు కోపం? పోయేటప్పుడు లైటు బంద్ చెయ్యి."

అంతే మేం మాట్లాడుకున్నది. ఆమె అడిగింది. నా ముందే, నా మనసులో ఉన్నదాని మీద వేలు పెట్టినట్టు అడిగింది. అప్పుడు ఒక్క మాట చాలు. నేను లైటు గురించి మాట్లాడాను.

శుక్రవారం నిజమైన ఫలితం వచ్చింది. బ్రిటన్ బయటికే వెళ్లింది. మా గదిలో సంబరం. "లండనోళ్లు మన చెంబు సూసే ఓటేసినట్టున్నరు!" అన్నాడు కొమురయ్య. నా అబద్ధం లోకంలో నిజమైనట్టు అయింది. అదొక వింత శిక్ష. మరో నాలుగు రోజులకు సుభద్ర ఇల్లు అమ్మడానికి ఒప్పుకుంది. దసరా లోపలే సామాను లారీ ఎక్కింది. ఆరోజు నేను ఆమెకు దారిలో తినమని బగారన్నమే కట్టిచ్చాను. ఎందుకు అదే వండానో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాతి వేసవిలో కొమురయ్య ఒకసారి నన్ను పక్కకు పిలిచి అన్నాడు. "చెప్పొద్దంటరు గని టీచరమ్మా, ఆనాడు నేను వాదించింది ఒకటి, ఏసింది ఒకటి. ఆ అమ్మ మాటిని మక్కనే ఏసిన. అయినా ఓడిపాయె పాపం." తలూపాను. ఇరవై రెండింటిలో ఒకటి సుభద్రదే, ఇంకొకటి ఎవరిదో అలా తెలిసింది. మిగతా ఇరవై ఎవరివో, దారిలో ఎదురైన ప్రతి ముఖంలోనూ వెతుకుతుంటాను.

ఆమె ఎలాగూ వెళ్లేదేమో. తమ్ముడు ఉన్నాడు, ఒంటరితనం ఉంది, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఇలా చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ వెళ్లడం, ఉండటం ఆమె నిర్ణయం. ఈ ఊరు ఆమెను ఏమనుకుందో తెలుసుకుని వెళ్లడం ఆమె హక్కు. తనది పోను ఇరవై ఒక్క మంది ఉండమన్నారని తెలిసి వెళ్లి ఉంటే, అది వేరే ప్రయాణం. తెనాలిలో ఆమెను వరంగల్ అత్తయ్య అంటారట. ఇక్కడ ఆమె తెనాలి టీచరు. ఏదో ఒకచోటనైనా ఊరి పేరు లేకుండా పిలిపించుకోగలిగేది. ఆ వీలును నేను పళ్లెంతో పాటు జరిపేశాను.

సుభద్ర ఇప్పటికీ ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తుంది. ఒక్క వారమూ తప్పలేదు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఈ వారం ఎన్నెన్ని వదినా?" నేను చెబుతాను. ఆమె రాసుకుంటుంది. నేను చెప్పే లెక్కంటే ఆమెకు అంత నమ్మకం.

ఆనాటి చెంబులోని గింజలు నేను పారేయలేదు. ఒక చిన్న స్టీలు డబ్బాలో పోసి, అల్మారాలో చీరల అడుగున పెట్టాను. ఎప్పటికైనా చూపించి చెప్పాలనుకున్నానో, నేనే నా మీద సాక్ష్యం దాచుకున్నానో తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ మూత తీయలేదు. ఈ ఉదయం తీశాను. మక్కలు లేవు. పురుగు పట్టి, తిని, ఒక్క గింజ మిగల్చకుండా పిండి చేసింది. ఆ పిండిలో చింతగింజలు పందొమ్మిదీ కొత్తవాటిలాగా నిగనిగలాడుతున్నాయి. రేపు నేను పోయాక ఎవరైనా ఆ డబ్బా తీస్తే, ఆ చెంబులో చింతగింజలు తప్ప ఏమీ పడలేదనుకుంటారు. డబ్బా కూడా నా అబద్ధాన్నే చెబుతుంది. నిజం ఇక నా నోట్లో తప్ప ఎక్కడా లేదు. నాకు డెబ్బై ఒకటి.

అందుకే పొద్దున్నుంచి ఇది రాస్తూ కూర్చున్నాను. ఇవాళ ఆదివారం. ఆరు కావడానికి ఇంకా సమయముంది. ఫోన్లో ఆమె గొంతు వినగానే నా నోరు ఏం మాట్లాడుతుందో నేను హామీ ఇవ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఆమె చేతిలో ఉందేమో, అడిగే అర్హత నాకుందో లేదో తెలియదు. కానీ తొమ్మిదేళ్లలో ఆ అంకెలను సరైన వరుసలో రాయడం ఇదే మొదటిసారి. అంతవరకు తేలికైంది.

చెంబులో మక్కలు ఇరవై రెండు. చింతగింజలు పందొమ్మిది. మొత్తం నలభై ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టాను.