సాయమ్మ పెట్టిన దస్కతు

సాయమ్మకు కుక్కలంటె బుగులు లేదు, పాములంటె బుగులు లేదు. గోపన్‌పల్లిల కిరాయి రూము ఎనక పొదలల్ల జెర్రిపోతును రెండుసార్లు కట్టెతోని ఎల్లగొట్టిన మనిషి. ఆమె బుగులంత కాయితాలంటెనే. గా బుగులు ఏడ మొదలైందో, ఏడిదాక పోయిందో చెప్త, జర కూసోని ఇనుండ్రి.

సాయమ్మోళ్లది పరకాల దిక్కు. పెనిమిటి మొగిలి ఒక అపార్ట్‌మెంటు కాడ సెక్యూరిటీ డ్యూటీ జేస్తడు. ఒక్కతే బిడ్డ రేణుక, తొమ్మిదో తరగతి. సాయమ్మ ఒక యూనివర్సిటీల హౌస్‌కీపింగ్ జేస్తది. దాని పేరెందుకు లెండ్రి, అద్దాల బిల్డింగుల నడుమ ఇంక నాలుగు చెట్లు మిగిలిన జాగ అనుకోండ్రి. ఆమెను పనిల పెట్టుకున్నది యూనివర్సిటీ కాదు, ఏజెన్సోళ్లు. ఏటేట టెండరు కొత్తగైతది, నడుమ నడుమ గూడ గేటు కాడ కొత్త లిస్టు అంటిస్తరు. లిస్టుల పేరుంటె లోపటికి, లేకుంటె ఇంటికి. గంతే, ఎవలూ ఏం జెప్పరు.

పొద్దుగాల ఏడింటికి సూపర్‌వైజర్ రాజేందర్ మస్టర్ వట్టుకొని నిలవడ్తడు. అండ్ల దస్కతు, గదే సంతకం, వెట్టినోళ్లకే ఆ దినం హాజరు. మస్టర్ ఒక్కటే గాదు. చీపురిచ్చినా కాయితమే, ఫినాయిలిచ్చినా కాయితమే, పండుగకు సబ్బు బిళ్లలిచ్చినా కాయితమే. ముంగటికి కాయితం వచ్చిందంటె పేరు వెట్టుడే. ఇదేందని అడిగితె ఎనక లైనుల ఉన్నోళ్లు తిడ్తరు. పదకొండేండ్లు గిట్లనే నడిచింది.

అండ్ల పదేండ్లు ఆమె దస్కతు వెట్టలే, నిశాని ఏసింది. బొటనేలుకు ఇంకు పూసుకొని కాయితం మీద ఒత్తుడు. ఆ ఇంకు ఎంత తోమినా రెండు రోజులు పోదు. రేణుకకు సిగ్గైంది. "నీ పేరుల మూడే అక్షరాలున్నయమ్మా, గవి గూడ రావా?" అని ఎండకాలం సెలవులల్ల తల్లిని ముంగట కూసోవెట్టుకుంది. 'సా' వారంల వచ్చింది, 'య' ఇంకో వారం వట్టింది, 'మ్మ' కాడ మాత్రం చెయ్యి మొండికేసింది. నెల రోజులు ఇద్దరు తిట్టుకున్నరు. ఆఖరికి జూన్ల మస్టర్ మీద మొదటిసారి పేరు రాసింది. రాసి, ఎనక లైనోళ్లు గొణుగుతున్నా జరంత సేపు దాని దిక్కే జూసింది.

కొమురమ్మ ముచ్చట గూడ చెప్పాలె, లేకుంటె సాయమ్మ ఎందుకు గంత భయపడ్డదో మీకు సమజ్ కాదు. కొమురమ్మ బోరబండ నుంచి రైలెక్కి లింగంపల్లిల దిగి గీ హౌస్‌కీపింగ్ పనికే వచ్చేది. ఇద్దరు ఒక్క టిఫిన్ డబ్బల తిన్న దోస్తులు. నిరుడు కొమురమ్మ, ఆడోళ్లు బట్టలు మార్చుకునేతందుకు ఒక రూమియ్యుండ్రని కాయితం రాయించి, పదహారు మందితోని పేర్లు వెట్టించింది. అందరికంటె పైన తన పేరే. సోమవారం లిస్టుల ఆమె పేరు లేదు. లొల్లి లేదు, తిట్టు లేదు. గేటు కాడ సెక్యూరిటాయన చెయ్యి అడ్డం వెట్టిండు, అయిపోయింది.

ఆ పదహారు మందిల సాయమ్మ లేదు. "నాకు దస్కతు రాదొదినా" అని తప్పిచ్చుకుంది. నిశాని ఏస్తె అయిపోతుండెగదా అని కొమురమ్మ అడగలే. అడిగితెనే మంచిగుండు.

ఇగ అసలు ముచ్చట. మొన్న వానకాలంల ఒక సోమవారం పగటీలి ప్రొఫెసర్ల సంఘం మీటింగ్ అయ్యింది. సాయమ్మకు చాయ్ డ్యూటీ పడ్డది. సముద్రం అవతల ఏదో దేశంల యుద్ధమైతుందట. బాంబులు వడి కాలేజీలు కూలినయట. అక్కడి పంతుళ్ల సంఘం ప్రపంచమంత చిట్టీలు పంపింది, మమ్ములను కొడ్తున్న దేశపు యూనివర్సిటీలతోని మీరు కలిసి పని జేయకుండ్రి, బాయ్‌కాట్ జేయుండ్రి అని. మన యూనివర్సిటీకి గా దేశంల ఒకదానితోని పెద్ద ఒప్పందం ఉంది.

సంఘం సెక్రటరీ భీమేశ్వరరావు సారు లేచి నిలవడ్డడు. గోదావరి దిక్కాయన, మెత్తటి మనిషి. "వాళ్లు మనల్నే అడుగుతున్నారండి. మాకేం సంబంధం అనడానికి నాకు నోరు రావడం లేదు" అన్నడు.

రాజరాజేశ్వరి మేడం గూడ ఆ దిక్కామెనే, గని మెత్తగ మాట్లాడదు. "రావు గారూ, ఆ ఒప్పందం పోతే మన పిల్లల చదువులు పోతాయి. అయినా నిరుడు మన కొమురమ్మని గేటు బయట నిలబెట్టినప్పుడు ఈ నోరు ఎక్కడికి వెళ్లిందండి? పక్క గదిలో మనిషికి పలకనివాళ్లం పక్క ఖండానికి పలుకుతామా?"

సారు మొఖం ఎర్రగైంది. కొమురమ్మ పేరు ఇనంగనే సాయమ్మ చేతుల ట్రే గలగలమన్నది. ఒకలిద్దరు తిరిగి జూసిండ్రు. ఆమె తలకాయ దించుకొని తలుపు పక్కకు జరిగింది.

గప్పుడే అట్టకు పెట్టిన కాయితం ఒకటి చేతుల మీదికెళ్లి చేతుల మీదికి వస్తుండె. బాయ్‌కాట్‌కు ఒప్పుకున్నోళ్లు పేరు వెట్టాలె, ఒప్పుకోనోళ్లు పక్కకియ్యాలె. తలుపు కాడ ఆఖరి కుర్చీల యశ్వంత్ అని కొత్తగ చేరిన లెక్చరర్, ఫోన్ల మొఖం వెట్టి ఉన్నడు. ఎవరున్నరో చూడకుంటనే అట్టను పక్కకు చాపిండు, "సైన్ చేసి ఇచ్చేయండి" అని. సాయమ్మ ట్రేను బల్ల మీద వెట్టింది. చెయ్యి చీరెకు తుడుసుకుంది. పెన్ను వట్టుకొని, అందరివి గొలుసు లెక్క ఇంగ్లీషు గీతలుంటె, కింద మంచిగ తెలుగుల రాసింది. సాయమ్మ. 'మ్మ' ఆ దినం చానా మంచిగ కుదిరింది గూడ.

మంగళవారం ఆ కాయితం సంఘం బోర్డుల అద్దం ఎనకకు ఎక్కింది. బుధవారం రాజేందర్ ఆమెను మెట్ల కిందికి పిలిచి ఫోన్ల ఫోటో చూపెట్టిండు.

"అక్కా, ఇది నీదేనా?"

"నాదే తమ్మీ. గా ఫినాయిలు కాయితం గదా."

"ఫినాయిలుకు ప్రొఫెసర్లు దస్కతులు పెడ్తరా అక్కా?" రాజేందర్ నవ్వబోయిండు గని నవ్వు రాలే. "పైన ఆఫీసుల పరేషాన్ ఉన్నరు. ఈ సాయమ్మ ఏ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసరని నన్నే అడిగిండ్రు. పేర్లన్ని పోలీసోళ్లకు పోతయని అంటున్నరు. నిజమో కాదో నాకెరుక లేదు. శుక్రారం కొత్త లిస్టు. పేరు ఎనకకు తీస్కుంటున్నని కాయితం దెస్తె ఏజెన్సోళ్లకు ఏదో జెప్త. తేకుంటె నాతోని కాదు."

కొమురమ్మ అడిగింది బట్టల రూము. గంత చిన్నదానికే గేటు బయట వడ్డది. ఇదేమో దేశాల కొట్లాట. ఆ దినం గేటుల ఖాకీ రంగు జీపొకటి వస్తె, పోలీసోళ్లదనుకొని సాయమ్మ మాపులు పెట్టే రూముల దూరి లోపటికెళ్లి గొళ్లెం వెట్టుకుంది. అది కరెంటోళ్ల జీపు. తెలిసినంక గూడ శాన సేపు బయటికి రాలే.

ఇంట్ల రేణుకను అడిగింది. "బాయ్‌కాట్ అంటె ఏందే?"

"ఒకలతోని మాట్లాడుడు బంద్ జేసుడమ్మా."

"నేనెవలతోని బంద్ జేసిన?"

"ఫారిన్ యూనివర్సిటీతోనట."

"దానితోని నేనెన్నడు మాట్లాడిన బిడ్డా?"

రేణుక పకపక నవ్వింది. మొగిలి నవ్వలే. అన్నం ముద్ద చేతుల్నే ఉంచుకొని, "ఎవలు ఫోన్ జేసినా ఎత్తకు" అన్నడు. గప్పుడే ఫోన్ మోగింది. ముగ్గురు దాని దిక్కు జూసిండ్రు. అది కొమురమ్మది. సాయమ్మ ఎత్తలే. మోగి మోగి బంద్ అయ్యింది.

గురువారం పొద్దుగాల భీమేశ్వరరావు సారు రూము ఊడ్వవోయి, చీపురు వట్టుకొనే నిలవడ్డది. సారు గడ్డం గీస్కోలే. బల్ల మీద చిట్టీల కుప్ప.

"సారూ, నా పేరు కొట్టెయ్యిండ్రి. తెల్వక పెట్టిన."

"కూర్చోండి సాయమ్మా."

ఆమె కూసోలే. సారు కుప్ప మీద చెయ్యేసిండు. "ఇవన్నీ అవేనండి. నలభై ఒక్కమంది సంతకం చేశారు. ఇరవై రెండు మంది వెనక్కి తీసుకున్నారు. మా ఆవిడ నన్నూ తీసుకోమంటోంది." ఆయన పెన్ను మూత తీసుడు, పెట్టుడు, తీసుడు. పర్మినెంట్ నౌకరున్న సారే గిట్లుంటె నా గతేందని అనుకుంది సాయమ్మ.

సారు తెల్ల కాయితం తీసి రాసి, చదివి ఇనిపిచ్చిండు. నాకు చదువు రాదు, కాయితంల ఏముందో తెల్వక సంతకం జేసిన, దానితోని నాకు సంబంధం లేదు అని.

"అండ్ల ఏముండె సారూ?" అన్నది సాయమ్మ.

సారు తల ఎత్తిండు. మూడు దినాలల్ల ఆ మాట ఎవలూ అడిగినట్టు లేదు. నిదానంగ చెప్పిండు. అక్కడ ఒక యూనివర్సిటీ ఉండేదట, ఇప్పుడు రాళ్ల కుప్పనట. పాఠం జెప్పెటోళ్లు, ఇనే పిల్లలు లోపట్నే ఉండిపోయిండ్రట.

"ఊడ్చేటోళ్లు గూడ ఉన్నరా సారూ?"

"ఉండే ఉంటారండి." పెన్ను మూత పెట్టిండు. "వాళ్ల లెక్క ఎవరూ రాయలేదు."

సాయమ్మ కాయితం మడిచి రైకల పెట్టుకొని రాజేందర్ కాడికి పోయింది.

రాజేందర్ చదివి నెత్తి గోక్కున్నడు. "అక్కా, చదువు రాదని రాసి కింద దస్కతు వెడ్తె ఎవడన్న నమ్ముతడా? నిశాని ఏయి."

"నేను దస్కతు నేర్సుకున్న తమ్మీ."

"తెలుసక్కా. మర్చిపో. ఆ కాయితం మీద ఎవలో రాసిస్తె జూసి గీసిందని నేను జెప్త. ఇగ మస్టర్ల గూడ నిశానే. నీ దస్కతులున్న పాత మస్టర్లు నా బీరువలున్నయి, అవి నేను జూస్కుంట. ఎవలన్న జూస్తె నీ నౌకరే కాదు, నాది గూడ పోతది." ఇంకు డబ్బ ముంగటికి నూకిండు.

సాయమ్మ బొటనేలు ముంచి ఒత్తింది. పదేండ్ల అలవాటు, ఏలు దాని జాగ అది యాదికి తెచ్చుకుంది.

పగటీలి సారు తాళంచెవి దెచ్చి బోర్డు అద్దం తెరిచిండు. ఎనకకు తీస్కున్నోళ్ల పేర్లు ఒక్కొక్కటి కొట్టేస్తున్నడు. ఇంగ్లీషు గీతల మీద ఇంకో గీత. ఆఖరికి అడుగుకు వచ్చిండు. నలభై ఒక్కటిల తెలుగుల ఉన్నది గదొక్కటే. సాయమ్మ మాపు కట్టె వట్టుకొని పక్కనే నిలవడ్డది, జల్ది కొట్టేస్తె బాగుండు, ఎవలన్న వస్తరేమోనని అటు ఇటు జూస్కుంట. సారు పెన్ను పేరు మీద పెట్టిండు.

"జర సన్నగ గియ్యుండ్రి సారూ."

అన్నంక తనకే బుగులైంది, ఎందుకన్ననా అని. సారు ఎంట్రుక లెక్క గీసిండు.

శుక్రారం లిస్టు అంటించిండ్రు. ఇంగ్లీషుల ఉన్నది, ఆమెకు రాదు. రాజేందర్ ఏలు వెట్టి చూపిచ్చిండు, పద్నాలుగో పేరు. మస్టర్ల నిశాని ఏసి లోపటికి పోయింది. బోర్డు అద్దం తుడిచేటప్పుడు తలకాయ ఎత్తలే, అంచులు తుడిచి జరిగింది. గని మొత్తం తుడువకుంటె ఎందుకు తుడువలేదని అడుగుతరేమో అని ఎనకకొచ్చి నడుమ గూడ తుడిచింది. సన్న గీత కింద మూడక్షరాలు కనవడ్తనే ఉన్నయి.

సాయంత్రం ఇంట్ల ఇటుక పొడితోని బొటనేలు తోముతుంటె రేణుక బడి సంచి దించుకుంట జూసింది. ఏలు దిక్కు జూసి, తల్లి మొఖం దిక్కు జూసింది.

"మల్ల నిశాని ఏసినవానే?"

"లిస్టుల పేరొచ్చింది బిడ్డా" అన్నది సాయమ్మ, చెయ్యి కొంగుల పెట్టుకొని. "తలుపు దగ్గరికెయ్యి."